ఎండేకొద్దీ బరువెక్కే పని: ఒకే వాష్ బేకి గుంపుల వరుస కట్టిన ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పని చోటు మందు బిళ్లలు చేసే ప్లాంటులోని వాష్ బే, అంటే యంత్రాల విడిభాగాలు కడిగే చోటు. జడ్చర్ల, పాశమైలారం, పరవాడ వైపు ఇలాంటివి చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. షిఫ్టు ముగిశాక మూడు రకాల మురికి సామాను ట్రాలీల మీద వస్తుంది. కడిగే చోటు ఒక్కటే, ఒకసారికి ఒక్క సామానే. ఏ వరుసలో కడిగితే అంతా త్వరగా ముగుస్తుందన్నదే ప్రశ్న. షెడ్యూలింగ్ భాషలో ఇది ఏకయంత్ర సమస్య.

మొదటి చిక్కు డిటర్జెంటు. స్టార్చ్ పేస్టు అంటిన వాటికి వేడి క్షార ద్రావణం కావాలి, పూత ద్రావణం అంటిన వాటికి వేరే ద్రావణం, పొడి మాత్రమే అంటిన వాటికి నీళ్లు చాలు. రకం మారినప్పుడల్లా పాత ద్రావణం వదిలేయాలి, లైను కడగాలి, కొత్తది కలపాలి, లైన్ క్లియరెన్స్ (పాతదేమీ మిగల్లేదన్న ధ్రువీకరణ) సంతకం పడాలి. ఇదే సెటప్. అందుకే ఒక రకం సామానంతా ఒక్క ఊపులో పూర్తిచేసి, తర్వాత రెండో రకానికి వెళ్లాలి. విడిభాగాలను పోలికను బట్టి కుటుంబాలుగా చేసి, యంత్రాన్ని కుటుంబానికొక్కసారే సర్దే ఈ పద్ధతిని 1950లలో లెనిన్‌గ్రాడ్‌లో మిత్రోఫనోవ్ గ్రూప్ టెక్నాలజీగా నిలబెట్టాడు.

రెండో చిక్కు అసలుది. మురికి ఆగదు, ఎండుతుంది. గంట ఆగిన ఇంపెల్లర్ (గ్రాన్యులేటర్‌లో పిండి కలిపే బ్లేడు) మీంచి పది నిమిషాల్లో వదిలే స్టార్చ్, మూడు గంటలాగితే బ్రష్షుకు లొంగదు. అంటే పనికాలం స్థిరం కాదు, ఎప్పుడు మొదలుపెడతామన్నదాన్ని బట్టి పెరుగుతుంది.

3వ రోజు: కొలత

ముందుగా తేలిన సంగతి: పనికాలం మొత్తం పెరగదు. వ్యాలిడేట్ అయిన (పరీక్షించి ఖాయం చేసిన) సైకిల్, అంటే డిటర్జెంటు తిప్పడం, కడగడం, చివర ప్యూరిఫైడ్ వాటర్ రిన్స్, ఎస్‌ఓపీలో (పని విధానపు పత్రంలో) రాసిన నిమిషాలే. పెరిగేది దానికి ముందు చేసే తోముడు. కాబట్టి నమూనా ఇలా:

పనికాలం = అ + బ × ట

ఇక్కడ ట అంటే షిఫ్టు ముగిసిన క్షణాన్ని సున్నాగా పెట్టి లెక్కించిన మొదలుపెట్టే సమయం, అ అంటే అప్పుడే వాడి తెచ్చిన సామానుకు పట్టే నిమిషాలు, బ అంటే ఆగిన ప్రతి నిమిషానికి పెరిగే భాగం. బ కనిపెట్టడానికి ఒకే మురికి, ఒకే నీటి ఒత్తిడి, ఒకే ఉష్ణోగ్రత, ఒకే మనిషి ఉండాలి. 0, 1, 2, 4, 8 గంటలు ఆపి, ఒక్కో దానికి మూడుసార్లు చొప్పున "కంటికి మురికి కనపడని" దాకా పట్టే సమయం కొలవాలి. స్టాప్‌వాచ్ ట్రాలీ తలుపు దాటినప్పుడు కాదు, నీళ్లు తిప్పినప్పుడు నొక్కాలి. లేకపోతే ఎదురుచూసిన సమయం కూడా అ లోకి దూరి, సామానంతా ఒకేలా కనపడుతుంది.

పడే గొయ్యి: యూనిట్లు. చార్టులో అడ్డం గంటలు, నిలువు నిమిషాలు ఉంటే వాలు "గంటకు 6 నిమిషాలు" అని వస్తుంది. దాన్నే బ = 6 అని ప్రోగ్రాములో పెడితే 1 + బ = 7 అవుతుంది, మూడో సామానుకే లెక్క రోజులు దాటుతుంది. నిమిషానికి నిమిషం పెట్టాలి: 6 ÷ 60 = 0.10.

నమూనా లెక్కకు పెట్టుకున్న పట్టిక (అంకెలు చేత్తో సరిచూసుకోడానికి వీలుగా గుండ్రం చేసినవి):

పిండి గుంపు, సెటప్ 20 నిమిషాలు
సిఫ్టర్ జల్లెడ: అ 12, బ 0.04
గ్రాన్యులేటర్ ఇంపెల్లర్, చాపర్: అ 40, బ 0.10
ఎఫ్‌బీడీ (గాలితో ఆరబెట్టే యంత్రం) బౌల్: అ 30, బ 0.05

పూత గుంపు, సెటప్ 15
స్ప్రే గన్స్: అ 10, బ 0.08
ద్రావణం ట్యాంకు: అ 15, బ 0.02
కోటింగ్ పాన్ బాఫిల్స్: అ 50, బ 0.06

పొడి గుంపు, సెటప్ 10
కంప్రెషన్ హాపర్: అ 15, బ 0.01
బ్లెండర్ బిన్: అ 25, బ 0.005

5వ రోజు: ప్రోగ్రాము తప్పా, గణితం తప్పా

సులువుగా ఉంటుందని మొదట పనికాలం = బ × ట అనే నమూనా రాశాం, సెటప్‌కు కూడా అదే రూపం. పైథాన్‌లో అన్ని వరుసలూ తిప్పాం: గుంపులు 3! = 6 రకాలు, లోపల 6 × 6 × 2, మొత్తం 432. అన్నిటికీ చివరి ముగింపు సమయం ఒక్కటే వచ్చింది, అక్షరం తేడా లేకుండా!

ఇది బగ్ కాదు. ఒక్కో పని గడియారాన్ని (1 + బ) రెట్లు చేస్తుంది, గుణకారంలో ముందువెనకలతో పనిలేదు. ఈ రూపంలో ముగింపు సమయం వరుసను పట్టించుకోదని 1994లోనే షెడ్యూలింగ్ పరిశోధకుడు మోషెయోవ్ చూపించాడు. ఇంకో కొసరు: ట = 0 దగ్గర మొదలుపెడితే పనులన్నీ సున్నా నిమిషాల్లో అయిపోతాయి, కాబట్టి మొదలు సున్నా కంటే ఎక్కువ ఉండాలి. కాగితం మీద అందమైన నమూనా, వాష్ బేకి మాత్రం పనికిరాదు. అ ఉండి తీరాలి.

6వ రోజు: గుంపంతా ఒక గీత

అ చేర్చగానే లెక్క మరోలా సులువయింది. ట దగ్గర మొదలైన పని అ + (1 + బ) × ట దగ్గర ముగుస్తుంది. ఇది సరళరేఖ. సరళరేఖలోకి సరళరేఖను వేస్తే వచ్చేదీ సరళరేఖే. కాబట్టి సెటప్‌తో సహా గుంపు మొత్తం ఒకే గీతకు కుదించుకుపోతుంది:

ముగింపు = మ + గ × ట

మ అంటే ట = 0 దగ్గర మొదలుపెడితే గుంపు ముగిసే సమయం. గ అంటే లోపలి (1 + బ) లన్నిటి గుణకారం. అది వరుసతో మారదు. మారేది మ ఒక్కటే. మ తగ్గాలంటే గుంపు లోపల అ ÷ బ చిన్నది ముందు రావాలి. విడి పనులకు ఈ నియమం పరిశోధకులు గుప్తాలిద్దరు 1988లోనూ, బ్రౌన్, యెచియాలి 1990లోనూ ఇచ్చినదే. గుంపులకు కూడా అదే పద్ధతి, రెండు గీతల్ని ఇటు ఒకసారి అటు ఒకసారి కలిపి పోలిస్తే రెండు లైన్లలో తేలుతుంది: మ ÷ (గ − 1) చిన్నదైన గుంపు ముందు.

పిండి గుంపు చేత్తో: అ ÷ బ విలువలు జల్లెడ 300, ఇంపెల్లర్ 400, బౌల్ 600. అదే వరుస. సెటప్ 20తో మొదలు. జల్లెడ తర్వాత 12 + 1.04 × 20 = 32.8, ఇంపెల్లర్ తర్వాత 40 + 1.10 × 32.8 = 76.08, బౌల్ తర్వాత 30 + 1.05 × 76.08 = 109.884. ఇది మ. గ = 1.04 × 1.10 × 1.05 = 1.2012. నిష్పత్తి 109.884 ÷ 0.2012, దాదాపు 546.

పూత గుంపు: గన్స్ 125, ట్యాంకు 750, బాఫిల్స్ 833. మ = 94.227, గ = 1.1677, నిష్పత్తి 562. పొడి గుంపు: హాపర్, బిన్. మ = 50.226, గ = 1.01505, నిష్పత్తి 3,337.

కాబట్టి వరుస పిండి, పూత, పొడి. చివరి ముగింపు 276.1 నిమిషాలు. 432 వరుసల్లోనూ ఇదే కనిష్ఠం. అన్నిటికంటే చెత్త వరుస, అంటే లోపలా బయటా పూర్తిగా తలకిందులు, 301.3. మొత్తం తేడా 25 నిమిషాలు, తొమ్మిది శాతం. వరుస మార్చి సగం షిఫ్టు మిగిలిస్తామని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

కానీ "చిన్న పని ముందు" అన్న 1956 నాటి స్మిత్ నియమం అలవాటుగా వాడేవాళ్లకు ఇక్కడ దెబ్బ తగులుతుంది. చిన్నది పొడి గుంపు, యాభై నిమిషాలే. దాన్ని ముందు పెట్టి, తర్వాత పూత, చివర పిండి అంటే 293.5. పదిహేడున్నర నిమిషాలు గాలికి. పొడి ఎంతసేపాగినా పొడిగానే ఉంటుంది. ఆగగలిగిన దాన్ని ముందు కడిగి, ఆగలేని దాన్ని ఎండబెట్టినట్టయింది.

7వ రోజు: గుంపు విడగొడితే?

లోపలి నిష్పత్తుల్ని చూస్తే ఆశ పుడుతుంది. స్ప్రే గన్స్ 125తో అందరికంటే ముందుండాలి, ట్యాంకు, బాఫిల్స్ పిండి తర్వాతైనా ఫర్వాలేదు. గుంపు నియమం పక్కనపెట్టి ఎనిమిది సామాన్లనూ అ ÷ బ వరుసలో పెట్టి చూశాం. పూత సెటప్ రెండుసార్లు పడింది. ఫలితం 288.7, అంటే పన్నెండున్నర నిమిషాలు నష్టం. 15 నిమిషాల సెటప్ దగ్గరే గుంపు కట్టడం గెలిచింది. ఇక ద్రావణాలు అటూ ఇటూ మార్చడం వల్ల కలుషితమయ్యే భయం ఎలాగూ ఉంది. ఈ దారి మూసేశాం.

9వ రోజు: 546, 562 దగ్గరదగ్గరగా ఉన్నాయే

ఈ రెండు గుంపుల బ కొలతలో కాస్త పొరపాటుంటే వరుస తారుమారవుతుంది. అయితే తారుమారైతే పోయేదెంత? పూత, పిండి, పొడి అని వేస్తే 276.65. అంటే అర నిమిషం! నిష్పత్తులు దగ్గరగా ఉన్నాయంటే ఏది ముందైనా ఒకటే అని అర్థం. అక్కడ ఇంకో ఇరవై కొలతలు తీసుకోవడం వృథా. ఆ స్వేచ్ఛను వేరే అవసరానికి వాడుకోవాలి: రేపు పొద్దున ఏ బ్యాచ్‌కి ఏది కావాలో అది ముందు.



10వ రోజు: చక్రవడ్డీ

మూడు గుంపుల గ లను గుణిస్తే 1.4237. అంటే సాయంత్రం మొదలు పది నిమిషాలు ఆలస్యమైతే ముగింపు పది కాదు, 14.2 నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి గుంపు సెటప్‌లో పది నిమిషాలు తగ్గించినా అంతే లాభం, 14.2. చివరి గుంపు సెటప్‌లో అదే పది తగ్గిస్తే సుమారు 10.15 మాత్రమే. కాబట్టి ముందుగా సిద్ధం చేసి పెట్టుకోవాల్సింది పిండి గుంపు క్షార ద్రావణం. చివరి వాటికి పరుగులు పెట్టనక్కర్లేదు. లైన్ క్లియరెన్స్ చేసే క్యూఏ (నాణ్యత విభాగం) మనిషి ఏ సమయానికి వాష్ బే దగ్గర ఉండాలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

వరుస కంటే పెద్ద లాభం బ ను తగ్గించడంలో దొరికింది. ఇంపెల్లర్ తీయగానే గదిలోనే ఒక్కసారి నీళ్లు కొడితే బ 0.10 నుంచి 0.04కి దిగుతుందనుకుని లెక్క వేస్తే: అ ÷ బ వెయ్యికి చేరి ఇంపెల్లర్ తన గుంపులో చివరికి పోయింది, పిండి గుంపు నిష్పత్తి 789 అయింది, పూత ముందుకొచ్చింది, ముగింపు 267.5. ఎనిమిదిన్నర నిమిషాలు మిగిలాయి. బ మారిస్తే వరుస కూడా మారుతుంది. పాత వరుసనే గోడకు అంటించి ఉంచితే లాభంలో కొంత పోతుంది.

అయితే తడిపి వదిలేయడం వేరు, నీళ్లు కొట్టి ఆరనివ్వడం వేరు. తడి సామానులో నీళ్లు నిలిస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి, మైక్రోబయాలజీ వాళ్లు ఊరుకోరు.

12వ రోజు: ముందే ఎండిన సామాను

అన్ని సామాన్లూ ఒకేసారి మురికి కావు. జల్లెడ పొద్దున్నే వాడి పక్కన పెట్టి ఉండొచ్చు. ఒక సామాను మన సున్నా సమయానికి వ నిమిషాల ముందు నుంచే ఆగుతూ ఉంటే పనికాలం అ + బ × (ట + వ). విడదీస్తే కొత్త అ = అ + బ × వ, బ మారదు. నిష్పత్తి అ ÷ బ + వ అవుతుంది, అంటే సరిగ్గా వ పెరుగుతుంది.

దీని అర్థం మింగుడుపడడానికి కాస్త సమయం పడుతుంది: ఎక్కువసేపు ఆగిన సామాను వరుసలో వెనక్కి పోతుంది. 150 నిమిషాలుగా ఆగిన జల్లెడ నిష్పత్తి 300 నుంచి 450కి చేరి, 400 ఉన్న ఇంపెల్లర్ వెనక్కి వెళ్లింది. కడిగేవాళ్లెవరిని అడిగినా దీనికి తలకిందులుగానే చెబుతారు: "అది ఎప్పట్నుంచో పడుంది, ముందు దాన్నే కడుగుదాం." ముగింపు సమయమే లక్ష్యమైతే అది తప్పు.

ఎండటానికి హద్దు కూడా ఉంది. గీత ఎల్లకాలం పైకి పోదు; ఇంపెల్లర్ మీది స్టార్చ్ 300 నిమిషాలకు పూర్తిగా ఎండిపోయి, 70 నిమిషాల దగ్గర పనికాలం నిలిచిపోతుందనుకుందాం. నిన్న రాత్రి మిగిలిన ఇంపెల్లర్‌కు అప్పటికే బ = 0. నిష్పత్తి అనంతం, గుంపులో ఆఖరు. ఇవాళ్టి ఇంపెల్లర్ బదులు అది చేరడంతో పిండి గుంపు మ = 134.44, గ = 1.092, నిష్పత్తి 1,461. మొత్తం గుంపే పూత వెనక్కి వెళ్లాలి: ముగింపు 291.1. "నిన్నటిది ముందు" అని పిండి గుంపునే ముందు పెడితే, లోపలి వరుస సరిగ్గానే ఉన్నా 305.2. పద్నాలుగు నిమిషాలు పోయాయి.

13వ రోజు: డర్టీ హోల్డ్ టైమ్

వాడకం ముగిసినప్పటి నుంచి కడగడం మొదలయ్యే దాకా ఎంతసేపు ఆగొచ్చో వ్యాలిడేషన్‌లో తేల్చిన హద్దు ఉంటుంది. అది దాటితే డీవియేషన్ (నియమం తప్పినట్టు నివేదిక) రాయాలి. నిన్నటి ఇంపెల్లర్ ఆ హద్దుకు దగ్గరపడి ఉంటే పై లెక్కతో పనిలేదు, పిండి గుంపునే ముందు పెట్టాలి. ఆ పద్నాలుగు నిమిషాలు హద్దుకు కట్టే ఖరీదు.

హద్దులు చేరగానే నిష్పత్తి నియమం ఒక్కటే సరిపోదు. ఈ సైజుకు 432 వరుసలూ తిప్పి, హద్దు దాటిన వాటిని తీసేస్తే చాలు. పెద్దవాటికి ఉపసమితుల మీద డైనమిక్ ప్రోగ్రామింగ్ రాశాం: ఏయే గుంపులు అయిపోయాయన్నదే స్థితి, ఆ స్థితికి అతి త్వరగా చేరే సమయమే విలువ. ఇది ఎందుకు చెల్లుతుందంటే, ముందు మొదలుపెట్టిన పని ఎప్పుడూ ఆలస్యంగా ముగియదు. గీతకు హద్దు పెట్టినా, మధ్యలో మెట్టులా పెరిగినా ఇది నిలుస్తుంది. లోపల గీత వంగితే గుంపుకు ఒకే మ, గ ఉండవు, కాబట్టి గుంపులోకి ప్రవేశించే ప్రతి సమయానికి లోపల కూడా అదే పద్ధతి నడపాలి. 12 గుంపులు, ఒక్కో దాంట్లో 10 సామాన్లు అంటే బయట 24,576 అడుగులు, ఒక్కో అడుగుకు లోపల 5,120, మొత్తం పన్నెండున్నర కోట్లు. పైథాన్ నీరసిస్తుంది. ప్రవేశ సమయాన్ని నిమిషానికి గుండ్రం చేసి దాచుకుంటే తేలికపడుతుంది. గుండ్రం చేసేటప్పుడు పైకే చేయాలి. కిందికి చేస్తే దాటిన హద్దు దాటనట్టు కనపడుతుంది.

క్షారం తర్వాత ఆమ్లం, ఆమ్లం తర్వాత క్షారం అని సెటప్ ముందటి గుంపును బట్టి మారితే స్థితిలో చివరి గుంపు పేరు కూడా చేర్చాలి. నిష్పత్తి నియమం ఆ రోజుతో సరి.

15వ రోజు: అడగాల్సిన ప్రశ్న ముందే అడగాల్సింది

ప్రొడక్షన్ వాళ్లకు పట్టింపు చివరి ముగింపు కాదు, ఒక్కో సామాను ఎప్పుడు చేతికొస్తుందన్నది. సగటు ముగింపు లెక్కగట్టాం. మన "ఉత్తమ" వరుస పిండి, పూత, పొడి సగటు 159.4 నిమిషాలు. మనం తప్పుపట్టిన పొడి, పూత, పిండి వరుస సగటు 142.7. పదహారున్నర నిమిషాలు మెరుగు! సగటుకు ఇదే అత్యుత్తమం అని కాదు, కానీ లక్ష్యం మారితే వరుస తిరగబడుతుందని స్పష్టమయింది.

సగటుకు నియమం కూడా అంత తేలిగ్గా దొరకదు. గుంపుల గొడవ లేకుండా, బ అందరికీ ఒకటే అయితే అ చిన్నది ముందు. అ అందరికీ ఒకటై బ వేరైతే మోషెయోవ్ 1991లో చూపిన "వి" ఆకారం: పెద్ద బ లు రెండు చివర్లా, చిన్నవి మధ్యలో. రెండూ వేరైనప్పుడు పై డైనమిక్ ప్రోగ్రామింగ్ కూడా అలాగే చెల్లదు, ఎందుకంటే త్వరగా చేరినది తక్కువ మొత్తంతో చేరినది కాకపోవచ్చు. సమయం, మొత్తం రెండూ జంటగా దాచుకుని, రెండింటిలోనూ ఓడిన జంటల్ని మాత్రమే పారేయాలి.

షీటులో ఇప్పుడు రెండు గళ్లు పెట్టాం: చివరి ముగింపు, సగటు. రేపటి మొదటి బ్యాచ్‌కు కావాల్సిన సామాను పేరు మూడో గడి. అది పూత గుంపులో ఉన్నప్పుడు పూతను ముందు పెడుతున్నాం. 9వ రోజు లెక్క ప్రకారం దాని ఖరీదు ముప్పై రెండు సెకన్లు.